వణికే చేతి అంకెలు

అంకెలు చదవడం నా వృత్తి. మొదట్లో నా కళ్లతో నేనే చదివాను, తర్వాత యంత్రం చేత చదివించాను. రెండూ కలిపితే నా ఉద్యోగం మొత్తం అదే. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నాకంటే చాలా చదువుకున్నవాళ్లు. వాళ్ల దగ్గర ఉన్న యంత్రాల ముందు మావి ఆటబొమ్మలు. అయినా వాళ్ల మాటలు వింటుంటే, మేము పడ్డ గోతిలోనే వీళ్లూ పడబోతున్నారని భయం వేస్తుంది. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్లు, సన్మానాలు ఇందులో ఉండవు. నాకు జరిగినవీ పెద్దగా లేవు.

పంచింగు గది

మా నాన్న వరంగల్లులో మగ్గం నేసేవాడు. నేను టైపు నేర్చుకున్నానని తెలిసి, మా మేనమామ ఒకాయన ఊళ్లోనే సుబేదారిలో కొత్తగా పెట్టిన లెక్కల సెంటరులో చేర్పించాడు. డెబ్బైల నడుమ సంగతి. సంఘాలు, కంపెనీలు, చిన్నాపెద్దా ఆఫీసులు చేత్తో రాసి పంపిన కాగితాలను చూసి, ఆ అంకెలను అట్టకార్డుల మీద రంధ్రాలుగా కొట్టడం మా పని. ఆ గదిలో ఆరుగురం ఆడపిల్లలం. మిషన్ల చప్పుడుకు ఇంటికి వెళ్లాక కూడా గట్టిగా అరిచి మాట్లాడేదాన్ని. "ఎవల మీద కోపమే నీకు" అని మా అమ్మ అడిగేది.

తప్పులు పోకుండా ఒక ఏర్పాటు ఉండేది. ఒక అమ్మాయి కొట్టిన కార్డును రెండో అమ్మాయి మళ్లీ కొట్టాలి. రెండూ కలవకపోతే యంత్రం బిగుసుకుపోయి ఎర్రదీపం వెలుగుతుంది. ఇద్దరు ఒకటే చెప్పారంటే అది నిజమేనని అందరం నమ్మాం.

నెక్కొండ వైపు ఒక పల్లె నుంచి విత్తనాలు కావాలని కాగితం వచ్చింది. రాసిన గుమాస్తా చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదివినవాడు. అంకెలన్నీ మనలాగే రాసినా, సున్నా దగ్గరికి వచ్చేసరికి పాత అలవాటు కొద్దీ చుక్క పెట్టాడు. ఉర్దూలో సున్నా అంటే చుక్కే. నేను దాన్ని సిరా మరక అనుకున్నాను. రెండో అమ్మాయీ మరకే అనుకుంది. ఎర్రదీపం వెలగలేదు. పది బస్తాలు పోవలసిన చోటికి ఒకటి పోయింది. ఆ గుమాస్తా మా గది గుమ్మంలో నిలబడి, "నేను రాసింది చూసిండ్రు గని, నన్నొక మాట అడగకపోతిరి" అన్నాడు. అప్పటికే విత్తే అదును దాటిపోయింది. మా సూపర్‌వైజరు ఆయన్ను కసిరి పంపించాడు.

ఆ రోజు నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. అనుమానం వస్తే రాసిన మనిషిని వెతికి అడిగేదాన్ని. సూపర్‌వైజరుకు ఇది నచ్చలేదు. "నువ్వు కార్డులు కొట్టడానికి వచ్చావా, పెళ్లి సంబంధాలు విచారించడానికి వచ్చావా" అనేవాడు. నేను మానలేదు.

సమ్మయ్య

డోర్నకల్ దగ్గర ఒక ప్రైవేటు సైడింగు, అంటే కంపెనీ సొంత పట్టాల దారి, ఉండేది. గూడ్సు బండ్లు అక్కడికి వచ్చి బొగ్గు దింపి పోయేవి. నడిపే కంపెనీ పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. బండి ఆగగానే నంబర్ టేకర్ అనే ఉద్యోగి దాని పొడుగునా నడుస్తూ, ప్రతి వ్యాగను మీద ఉన్న నంబరును కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితాలు రోజూ రైల్లో వరంగల్లు వచ్చి, అక్కడి నుంచి మా బల్ల మీదికి చేరేవి.

అక్కడున్న నంబర్ టేకర్లలో సమ్మయ్య పాతవాడు. ఆయన కాగితాలు మొదట్లో బాగానే ఉండేవి. ఎనభైలు సగం దాటాక గీతలు వణకడం మొదలైంది. ఒకటి అంకె రంపం పన్నులా కనిపించేది. ఎనిమిది కింది సున్నా మూసుకునేది కాదు. మా అమ్మాయిలు ఆ కాగితం వస్తే చాలు నా వైపు తోసేసేవాళ్లు. నాకు కష్టం అనిపించలేదు. ఏళ్ల తరబడి ఆయన రాత చూస్తున్నదాన్ని కాబట్టి, ఎక్కడ వణుకు, ఎక్కడ అంకె అన్నది నాకు తెలిసిపోయేది.

ఒకసారి కాగితాలు ఆయనే తీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎండకు నల్లబడ్డ ముఖం, ఖాకీ చొక్కా. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను కుర్చీ చూపించాను.

"నా కాగితాలు సదివేది నువ్వేనా బిడ్డా?"

"నేనే కాకా. చెయ్యికేమైంది?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చెయ్యి నా మాట ఇంటలేదు. పొద్దుగాల జర మంచిగనే ఉంటది. ఎండ ఎక్కినాక షురూ అయితది."

"దవాఖానల చూపించుకున్నవా?"

"చూపించుకుంటె కంపెనీకి ఎరుకైతది. ఎరుకైతె నౌకరీ పోతది, క్వార్టర్ ఖాళీ చెయ్యమంటరు. మా ఆమె నడుము పడిపోయి రెండేండ్లాయె. ఆమెను ఎత్తుకొని నేనెక్కడికి పోదు?"

"నీ రాత నాకు తెలుస్తది కాకా, ఫికర్ పడకు" అన్నాను. ఆయన ముఖం కొంచెం తేటపడింది. పోతూ పోతూ మా అమ్మాయిలందరికీ దండం పెట్టాడు.

పెద్దసారు

మా సెంటరు యజమాని శేషగిరిరావుగారు. కాలేజీలో పాఠాలు చెప్పి, మానేసి ఈ వ్యాపారంలోకి దిగిన కోస్తా మనిషి. తెలివి గలవాడు, మంచివాడు, మాట తొందర. ఎనభైల చివర్లో పంచింగు మిషన్లు మూలపడి మా దగ్గరికి ఒక పర్సనల్ కంప్యూటరు వచ్చింది. అప్పటికి నేను ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఒకరోజు సారు హైదరాబాదు నుంచి ఏవో పత్రికల నకళ్లు పట్టుకొచ్చి నా ముందు పడేశారు.

"కళావతీ, ఇది చదువు. న్యూరల్ నెట్‌వర్క్ అంటారు. చేతిరాత చదువుతుందిట. మనం చేద్దాం."

అప్పటికి మేమొక్క అక్షరం రాయలేదు, ఆయన మాత్రం యంత్రానికి పేరు కూడా పెట్టేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. కానీ చదువుతూ పోతే నాకూ ఆశ పుట్టింది. అది నాకు అర్థమైన తీరు చెబుతాను. అంకెను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఏ గడి నలుపో ఏది తెలుపో యంత్రానికి ఇవ్వాలి. అది లోపల ఒక్కో గడికి ఒక్కో బరువు కట్టి, కలిపి, ఇది మూడు అనో ఐదు అనో చెబుతుంది. తప్పు చెప్పినప్పుడల్లా ఆ బరువుల్ని కొంచెం జరపాలి. చిన్నపిల్ల చేత పలక మీద దిద్దించినట్టే, వేలసార్లు చూపించాలి, వేలసార్లు దిద్దాలి. అంతకుమించి మంత్రం ఏమీ లేదు. పిల్లకు ఏ పలక చూపిస్తే అదే వస్తుంది.

సారు సైడింగు మేనేజరుతో ఒప్పందం మాట్లాడారు. మేనేజరు రంగారావు లెక్క ప్రకారం పోయే మనిషి. ఆయనకు యంత్రం మీద మోజు లేదు. వ్యాగన్ల నంబర్లు తప్పుపోతున్నాయని పైనుంచి చీవాట్లు తింటున్నాడు, తప్పులన్నీ సమ్మయ్యవే అని నమ్మాడు. నిజానికి వాటిలో కొన్ని మా అమ్మాయిలవి. ఆ మాట నేను చెప్పాను. ఆయన వినలేదు.

మాటల కోసం ఆయన సుబేదారికి వచ్చినప్పుడు సమ్మయ్యను వెంట తెచ్చాడు. సమ్మయ్య ముందే, "ఈయన రాత దేవునికి గూడ సమజ్ కాదు. డాక్టర్‌కు చూపించి ఇంటికి పంపిద్దామనుకుంటున్న" అన్నాడు.

సారు నవ్వేశారు. "తొందరపడకండి. ఈ యంత్రానికి మంచి దస్తూరీ చెడ్డ దస్తూరీ అని ఉండదు. నేర్పితే ఎవరి రాతైనా నేర్చుకుంటుంది. చూడు సమ్మయ్యా, నీ రాత చదివే యంత్రం మేం తయారుచేస్తాం. దిగులు పెట్టుకోకు."

మేనేజరు కాసేపు ఆలోచించి, "సరే. పరీక్ష పెడుదాం. మిషన్ చదివితే ఉంచుత, చదవకపోతే పంపిస్త. ఇంక నన్నెవలు అడగొద్దు" అన్నాడు.

సమ్మయ్య నా వైపు చూశాడు. నేను తలూపాను. నాకు ఆ యంత్రం మీద అంత నమ్మకం ఉండింది.

నమూనాలు

యంత్రానికి నేర్పాలంటే ముందు నమూనాలు కావాలి. గళ్లు గీసిన కాగితాలు అచ్చువేయించాం. ఒక్కో నంబర్ టేకర్ సున్నా నుంచి తొమ్మిది దాకా పలుమార్లు రాసి, కింద పేరు పెట్టి పంపాలి. సారు ఆ కాగితాలను మేనేజరుకు ఇచ్చారు. మేనేజరు పంచాడు, మేనేజరే పోగుచేసి, లెక్కపెట్టి, కట్టగట్టి పంపాడు. వారం తిరక్కుండా వచ్చేశాయని సారు ఎంతో సంతోషించారు.

స్కానర్లు మేము చూడలేదు. కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు ముందుగదిలో కూర్చుని, ప్రతి అంకె మీదా పారదర్శకమైన గళ్లకాగితం పరిచి, నల్లగడికి ఒకటి, తెల్లగడికి సున్నా అని టైపు చేసేవాళ్లు. నేను వెనక గదిలో ప్రోగ్రాముతో కుస్తీ పట్టేదాన్ని. నా దాకా వచ్చేవి ఒకట్లూ సున్నాలే. రాసినవాళ్ల పేర్లు కూడా ఉండేవి కావు, వరుస సంఖ్యలుండేవి. సమ్మయ్యది ఆరు.

పని పంచుకోవడం మంచిదే. కానీ ఆ పంపకంలో రాత తెలిసిన మనిషి ఒకచోట, రాసిన కాగితం ఒకచోట పడ్డాయి. ఇది ఎవరికీ తప్పుగా తోచలేదు. ఈ రోజుల్లో పెద్ద పెద్ద చోట్ల కూడా ఇలాగే చేస్తున్నారని విన్నాను.

నేర్పడం చాలా ఓపిక తిన్నది. మధ్యలో కరెంటు పోతే అప్పటిదాకా నేర్చిందంతా గంగలో కలిసేది. రెండుసార్లు ఏడుపొచ్చింది. తర్వాత కొంచెం కొంచెంగా ఫ్లాపీలో దాచుకోవడం అలవాటు చేసుకున్నాను. కొన్ని నమూనాలను నేర్పకుండా పక్కన పెట్టి, చివర్లో వాటితో పరీక్షించాం. యంత్రం టకటకా చదివింది. ఆరో మనిషివి అందరికంటే బాగా చదివింది.

సారు మైసూరుపాకు తెప్పించారు. "చూశావా, మేనేజరు ఎవరి రాత గురించి గోల పెట్టాడో, ఆ రాతే నల్లేరు మీద నడక అయింది" అన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. ఆశ్చర్యంతో ఆగిపోయాను, లేచి ముందుగదిలోకి వెళ్లి ఆ కాగితం చూడలేదు. తప్పు వచ్చినప్పుడు ఎక్కడ పొరపాటైందని రోజుల తరబడి వెతికేవాళ్లం. బాగా వచ్చినప్పుడు ఎందుకు బాగా వచ్చిందని ఒక్కరం కూడా వెతకలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఏదైనా ఉంటే, ముందు ఇది చెబుతాను.

పరీక్ష

మేనేజరు ముగ్గురు నంబర్ టేకర్లను తీసుకుని వచ్చాడు. సమ్మయ్య వాళ్లలో ఒకడు. బల్ల మీద తెల్లకాగితాలు పెట్టాం. మేనేజరు తన జేబులోంచి ఒక చీటీ తీసి వ్యాగను నంబర్లు పైకి చదువుతుంటే, వాళ్లు నిలబడి రాయాలి. సైడింగులో నిలబడే రాస్తారు కదా అన్నాడు. అందులో న్యాయం ఉంది.

మొదటి ఇద్దరూ రాసేశారు. సమ్మయ్య పెన్ను పట్టుకున్నాడు. అంతమంది చూస్తుంటే చెయ్యి ఇంకా ఎక్కువ వణికింది. ఎడమచేత్తో మణికట్టు అదిమి పట్టుకుని రాశాడు. చెమట కాగితం మీద పడితే చొక్కా అంచుతో తుడిచాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే, ఆ గదిలో ఆ రోజు అలా ఉంది.

అమ్మాయిలు గళ్లు ఎక్కించారు. మొదటి ఇద్దరివీ యంత్రం అక్కడక్కడా తప్పుతూ చాలావరకు చదివింది. సమ్మయ్యది పెట్టాం. మూడును ఎనిమిదంది, ఒకటిని ఏడంది, తొమ్మిదిని నాలుగంది. ఒక్క నంబరు కూడా మొత్తంగా సరిగ్గా రాలేదు. సారు ముఖం పాలిపోయింది. "అదేమిటి, ఇతని నమూనాలు బ్రహ్మాండంగా చదివిందే" అని మళ్లీ పెట్టించారు. మళ్లీ అంతే.

మేనేజరు గొంతు పెంచలేదు. "అందరియి చదివింది సార్. ఈయనది చదవలే. ఇగ నేను చెప్పేదేముంది?"

నేను ఆ కాగితం అందుకున్నాను. "సార్, నేను చదువుతా" అని మొదటి నంబరు నుంచి చివరి నంబరు దాకా పైకి చదివాను. మేనేజరు తన చీటీతో సరిచూసుకున్నాడు. ఒక్కటీ తప్పు పోలేదు. సమ్మయ్య కళ్లలో మళ్లీ కాస్త ఆశ కనిపించింది.

మేనేజరు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు చదువుతవమ్మా, నేను కాదంటలేను. రేపు నువ్వు సెలవు పెడితె?"

నేను కాగితం బల్ల మీద పెట్టేశాను. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

పోయే ముందు ఆయన సారును ఒక మాట రాసివ్వమన్నాడు. ఈ వ్యక్తి చేతిరాత యంత్రానికి గానీ తేలిగ్గా మనుషులకు గానీ అందేది కాదని. ఆ కంపెనీ పని పోతే మా సెంటరు మూతపడే స్థితి. సారు రాసిచ్చారు. సమ్మయ్యను నిలబెట్టడానికి మొదలుపెట్టిన యంత్రం అలా ఆయన మీద సాక్ష్యం చెప్పింది. సమ్మయ్య నా దగ్గరికి వచ్చి, "నీ తప్పేం లేదు బిడ్డా" అని, మిగతావాళ్ల వెనక మెట్లు దిగిపోయాడు.

గౌస్ భాయ్

అందరూ పోయాక ముందుగదిలోకి వెళ్లి నమూనాల కట్ట విప్పాను. ఆరో కాగితం తీశాను. కింద సమ్మయ్య పేరు ఉంది. పైన ముత్యాల్లాంటి అంకెలు. ఒక్క గీత వణకలేదు. ఆ చెయ్యి ఎవరిదో నాకు చూడగానే తెలిసింది. రోజూ కాగితాల కట్ట మీద ఎన్ని పంపుతున్నామో రాసి పంపే సైడింగు టైంకీపరు గౌస్‌ది.

మర్నాడే డోర్నకల్ రైలెక్కాను. గౌస్ భాయ్ సైడింగు గేటు దగ్గర చిన్న గదిలో ఉండేవాడు. మంచి దస్తూరీ ఆయనది. అక్కడి కూలీలకు, పనివాళ్లకు ఎవరికి దరఖాస్తు కావాలన్నా ఆయనే రాసిపెట్టేవాడు. నేను కాగితం ముందు పెట్టగానే తల దించుకున్నాడు.

"నేనే రాసిన కళావతమ్మా."

"ఎందుకు భాయ్? ఆయన చేత్తోనే రాయాలని చెప్పినం గద."

"చెప్పిండ్రు. ఆ కాగజ్ ఎవల టేబుల్ మీదికెల్లి పోవాలె? మేనేజర్ సాబ్ టేబుల్ మీదికెల్లి. కింద పేరు పెట్టాలె. చెయ్యి వణుకుతాందని ఆయనంతల ఆయనే రాసిచ్చినట్టు గాదా? సమ్మయ్య రెండు దినాలు ఆ కాగజ్ జేబుల పెట్టుకొని తిరిగిండు. ఆఖరుకు నా దగ్గరికొచ్చి, కాలేజీ సదువులోళ్లు చూసే కాగితం, మంచిగుండాలె, నువ్వే రాయి అన్నడు. దోస్తు అడిగితె ఎట్ల కాదంట? దరఖాస్తులన్నీ నేనే రాస్త గద. ఇదొకటి అనుకున్న."

నాకు కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. గౌస్ చేసింది స్నేహం. సమ్మయ్య చేసింది భయపడ్డ మనిషి ఎవరైనా చేసేదే. చెడ్డరాతే మాకు కావాలని, అదే ఆయన్ను కాపాడుతుందని మాలో ఒక్కరం ఆయనకు విడమర్చి చెప్పలేదు. పైగా ఆ చెడ్డరాతను, దాని కోసం ఉద్యోగం పీకడానికి కాచుకున్న మనిషి చేతికే ఇమ్మన్నాం. శేషగిరిరావుగారికి అంత చదువు, నాకు అంత అనుభవం. ఆ చిన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. నమూనా ఇచ్చేవాడు దేనికి భయపడతాడో తెలుసుకోకుండా నమూనాలు అడగొద్దు.

గౌస్ కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు నేను పోయి సాబ్‌కు ఉన్నదున్నట్టు చెప్పనా?" అన్నాడు.

"చెప్తే ఇద్దరి నౌకరీ పోతది భాయ్" అన్నాను. కంపెనీ కాగితం మీద ఒకరి పేరుతో ఇంకొకరు రాయడం అక్కడ చిన్న నేరం కాదు. ఇప్పటికీ ఆ మాట సరైనదో కాదో నాకు తెలియదు.

మళ్లీ నేర్పడం

సమ్మయ్య ఇంటికి వెళ్లాను. కంపెనీ డాక్టరు అనర్హుడని రాశాడు. మా సారు రాసిచ్చిన కాగితం దానికి జతచేశారు. క్వార్టరు ఖాళీ చేయమన్నారు. సామాను సగం మూటలు కట్టి ఉంది. ఆయన భార్య బుచ్చవ్వ మంచం మీద నుంచే నన్ను కూర్చోమంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా గళ్లకాగితాలు తీసి ఆయన ముందు పెట్టాను. "కాకా, ఈసారి నువ్వే రాయాలె. నీ రాత దానికి నేర్పితే చదువుతది. చదివితే మేనేజర్‌ను మళ్లీ అడుగుదం."

ఆయన నేల మీద కూర్చుని పీట మీద కాగితం పెట్టుకున్నాడు. ఒక్కో అంకెనూ బాగా రాయాలని నాలుక పంటి కింద పెట్టి తంటాలు పడుతున్నాడు.

"మంచిగ రాయకు కాకా. ఎట్లొస్తె అట్ల రాయి."

"గట్లెట్ల బిడ్డా, సిగ్గు పోదా?"

"దానికి సిగ్గు తెల్వది. నీ వణుకుడే దానికి నేర్పాలె."

ఆ మాట ఆయనకు మింగుడుపడటానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత చెయ్యి వదిలేసి రాశాడు. దాచుకోవడం మానేసిన చెయ్యి ఎంత వణికిందో అప్పుడు చూశాను. బుచ్చవ్వ ముఖం గోడవైపు తిప్పుకుంది. కాగితాలు అయిపోయేదాకా రాసి, "సరిపోతయా, ఇంక రాయాల్నా?" అని అడిగాడు.

ఈసారి గళ్లన్నీ నేనే ఎక్కించాను. నేర్పాను. పరీక్ష రోజు ఆయన చెమటోడుస్తూ రాసిన కాగితాన్ని యంత్రం ముందు పెట్టాను. చదివింది. ఒకటి రెండు అంకెలు తప్ప అన్నీ చదివింది. ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను, నవ్వాను కూడా అనుకుంటా.

సారు ఎగిరి గంతేశారు. కానీ మేనేజరుకు కొత్త ఉత్తరం రాయమంటే వెనక్కి తగ్గారు. "రాసిచ్చిన మాట మనమే కాదంటే సెంటరు పరువేం కావాలి కళావతీ?" అన్నారు. మంచివాళ్లు పిరికివాళ్లు కావడానికి ఎక్కువ కారణం అక్కర్లేదు. ఉత్తరం నేనే టైపు చేసి, ఆయన సంతకం పెట్టేదాకా బల్ల దగ్గరే నిలబడ్డాను. పెట్టారు. దాన్ని నేనే డోర్నకల్ తీసుకుపోయాను.

మేనేజరు మొత్తం చదివాడు. "మంచిదేనమ్మా. గని ఆర్డర్ పైకి పోయింది, ఆయన జాగల కొత్త పిలగాడు వచ్చిండు. మిషన్ నేర్చుకున్నదని ఆ పిలగాన్ని తీసెయ్యాల్నా?" అన్నాడు.

కొన్ని నెలలకు హైదరాబాదులో ఒక సెమినారులో సారు మా పని గురించి మాట్లాడారు. తెర మీద సమ్మయ్య అంకెలు పెద్దవి చేసి చూపించారు. ఇంత కష్టమైన రాతను కూడా చదివిందా అని అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సెమినారు వ్యాసంలో సమ్మయ్య పేరు ఆరో లేఖరి. నా పేరు సారు పేరు పక్కనే ఉంది. ఆ వ్యాసం నకలు నేను ఇంట్లో పెట్టుకోలేదు.

సమ్మయ్య అప్పటికి నెక్కొండలో తమ్ముడి ఇంటి వెనక రేకుల కొట్టంలో ఉంటున్నాడని గౌస్ చెప్పాడు. వెళ్లాను. బుచ్చవ్వ పోయి నెల దాటిందట. నాకెవరూ చెప్పలేదు. సమ్మయ్య చాలా చిక్కిపోయాడు, రెండు చేతులూ వణుకుతున్నాయి. నన్ను చూసి లేవబోతే వద్దని పక్కన కూర్చున్నాను.

"మిషన్ సదివిందా బిడ్డా?"

"సదివింది కాకా."

"నిజంగనా? నా రాతనే?"

"నీ రాతనే. మంచిగ సదివింది."

ఆయన ముఖం వెలిగిపోయింది. లోపలున్న తమ్ముణ్ణి కేకేసి, "ఇన్నవా, మిషన్‌కు నా రాత ఎరుకైందట" అని చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, "మరి డ్యూటీకి ఎప్పుడు రమ్మన్నరు?" అన్నాడు.

"రమ్మనలే కాకా. నీ జాగల వేరేటాయన వచ్చిండు."

సమ్మయ్య రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

"మరి దానికి నేర్పుడెందుకు బిడ్డా?" అని అడిగి, నేనేం చెబుతానో అని నా ముఖం వైపు చూస్తూ కూర్చున్నాడు.